కలియుగభీముడు కోడి రామమూర్తి నాయుడుగారు – ఆటగంట నేర్పవలసిన పాఠము

బలవంతుల కథలనిన బాలబాలికలకు ప్రీతి మెండు. భీమసేనుడు బకాసురుని చంపిన కథ చెప్పునప్పుడు తరగతిలో కునుకుపాట్లు పడు విద్యార్థి యుండడు. కాని భీముడు పురాణపురుషుడు. అతని బలము వాయుదేవుని వరము. మనమెంత శ్రమించినను ఆ వరము మనకు రాదు. మన ముత్తాతల కాలమున, మన తెలుగువారి నడుమ, వేలకొలది జనులు కన్నులార చూచుచుండగా ఏనుగును ఱొమ్ముపై నిలుపుకొన్న మానవమాత్రుడొకడు కలడు. ఆయన బలము వరము కాదు, సాధన. ఆయనయే కోడి రామమూర్తి నాయుడుగారు. లోకము వారిని కలియుగభీముడని కొనియాడెను.

నాయుడుగారి ప్రదర్శనములను గూర్చి వ్రాసినవారు పెక్కుమంది. వారు తొలుత ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులుగా నుండిరను సంగతి మాత్రము ఆ వ్రాతలలో ఒక్క వాక్యముతో ముగిసిపోవుచుండును. మేము ఆ ఒక్క వాక్యమును పట్టుకొని వారి జీవితమును చెప్పదలచితిమి. పాఠశాలలో ఆటగంట ఎందుకున్నది? ఆ గంటలో విద్యార్థి ఏమి నేర్చుకొనవలయును? పరీక్షలు దగ్గరపడగానే ఆ గంటను లెక్కలకో ఇంగ్లీషునకో ఇచ్చివేసినచో పోవునదేమి? ఈ ప్రశ్నలకు నాయుడుగారి జీవితమున సమాధానము కలదని మా నమ్మకము.

జననము, బాల్యము

నాయుడుగారు పందొమ్మిదవ శతాబ్ది తొమ్మిదవ దశకమున వీరఘట్టమను గ్రామమున జన్మించిరి. తండ్రి వెంకన్ననాయుడుగారు. వీరఘట్టము 1950 లో ఏర్పడిన శ్రీకాకుళము జిల్లాలో నుండి, 2022 లో పార్వతీపురం మన్యం జిల్లాలోనికి వచ్చినది. నాయుడుగారు పుట్టిననాటికి ఈ జిల్లాలు రెండును లేవు. ఉత్తరమున గంజాము మొదలుకొని దక్షిణమున తిరునెల్వేలి వఱకు ఒకే మద్రాసు రాజధాని. మన పొన్నైయు ఆ రాజధానిలోని ఉత్తరార్కాడు జిల్లాలో నుండెను. 1911 లో చిత్తూరు జిల్లా వేఱుగా ఏర్పడక పూర్వము చిత్తూరును వేలూరును ఒకే జిల్లాలోని పట్టణములు. కావున ఆ కాలమున వీరఘట్టమునుండి చెన్నపట్టణమునకు చదువుకొన వచ్చిన తెలుగు యువకుడు పరాయి రాష్ట్రమునకు వచ్చినవాడు కాడు. తన రాజధాని నగరమునకు వచ్చినవాడే.

రామమూర్తి పసితనముననే తల్లిని కోల్పోయెను. తండ్రి గారాబమున పెరిగిన ఆ బాలునికి పుస్తకముకంటె పరుగు ప్రియము. తెల్లవారకమునుపే లేచి, ఒక దూడను భుజములకెత్తుకొని ఊరి చెరువు చుట్టును తిరిగి వచ్చుచుండెనని ఆ ప్రాంతమున చెప్పుకొందురు. ఇట్టి కథయే ప్రాచీన గ్రీకులలోను కలదు. క్రీస్తునకు పూర్వము ఆఱవ శతాబ్దిలో మైలో అను మల్లుడు లేగదూడను ప్రతిదినము మోయుచు, అది ఎద్దైన పిదపను మోయగలిగెనట. రెండును జనులు చెప్పుకొను కథలే. వానిలోని సూత్రము మాత్రము నేటి వ్యాయామశాస్త్రము అంగీకరించినదే. అలవాటైన శ్రమకంటె రవంత యెక్కువ శ్రమను శరీరమునకు ఇచ్చి, తగినంత ఆహారమును విశ్రాంతిని కల్పించినచో, కండరము ఆ శ్రమకు తాళునట్లు తన్ను తాను దిద్దుకొనును. తరువాత మఱి రవంత. దూడ దినదినమును కొంచెముగా పెరుగును గనుక మోయువాడు బరువు పెరిగినట్లే యెఱుగడు. ఒక్కనాడు ఎద్దును ఎత్తబోయినవాని నడుము విరుగును. ఏడాదిపాటు దూడను మోసినవాని నడుము గట్టిపడును.

బాలుని అల్లరి మాన్పి చదువు చెప్పించుటకై తండ్రి అతనిని విజయనగరమున నున్న తన సోదరుడు నారాయణస్వామినాయుడుగారి యొద్దకు పంపెను. విజయనగరము ఆనాడు సంస్థానాధీశుల పోషణమున సాహిత్యమునకును సంగీతమునకును పుట్టినిల్లుగా నుండెను. గురజాడ అప్పారావుగారు, ఆదిభట్ల నారాయణదాసుగారు సంచరించిన పట్టణమది. ఆ పట్టణమున కవులకు వలెనే మల్లులకును మన్నన యుండెను. తాలింఖానాలో దండెములు తీయుట, బస్కీలు తీయుట, గోదాలో మట్టి చల్లుకొని కుస్తీ పట్టుట, సాముగరిడీలు రామమూర్తికి అచ్చటనే అలవడెను. వీథులలో వ్యర్థమగుచుండిన అల్లరియే గోదాలోనికి వచ్చి గురువు చెప్పినట్లు నడచుకొనుటచేత బలముగా మారెను.

సైదాపేట శిక్షణ

పిదప రామమూర్తి చెన్నపట్టణమునకు వచ్చి సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామ శిక్షణ పొందెను. సైదాపేటలోని ఉపాధ్యాయ కళాశాల 1856 లో నార్మల్ స్కూలుగా ఆరంభమై దక్షిణదేశమున పెక్కు తరముల ఉపాధ్యాయులను తీర్చిదిద్దిన సంస్థ.

ఆనాటి పాఠశాలలలో వ్యాయామమనగా చాలవఱకు కవాతే. సైన్యమునుండి విరమించినవారిని పిలిచి ఆ పని అప్పగించుట పెక్కుచోట్ల వాడుక. విద్యార్థులు వరుసలు తీరి నిలిచి, ఆజ్ఞ వినబడగానే చేతులెత్తి, ఆజ్ఞ వినబడగానే దించుచుండిరి. స్వీడను దేశీయుడగు లింగ్ అను నతడు 1813 లో స్టాక్‌హోమ్ నగరమున వ్యాయామ విద్యాలయమును స్థాపించి ఏర్పఱచిన అంగవ్యాయామ పద్ధతి ప్రపంచమున పలుదేశములకు ప్రాకినది. దానియందు అవయవముల క్రమమును, వెన్నెముక నిలుపుటను గూర్చిన జ్ఞానము కలదు. ఆటలోని ఉల్లాసము తక్కువ. మన తాలింఖానాలో ఉల్లాసమును సాధనయు కలవు. నలుబదిమంది పిల్లలను ఒకేసారి నడిపించు పద్ధతి లేదు. రామమూర్తి ఈ రెండింటిని ఎఱిగిన యువకుడై విజయనగరమునకు మరలి, తాను చదివిన ఉన్నత పాఠశాలయందే వ్యాయామోపాధ్యాయ పదవిలో ప్రవేశించెను. ఇంతకుముందు ఏ ప్రాంగణమున అల్లరి చేసెనో ఆ ప్రాంగణముననే పిల్లలను వరుసలలో నిలిపెను.

ప్రదర్శనములు

ఉపాధ్యాయవృత్తి నాయుడుగారిని చిరకాలము నిలుపలేదు. వారి బలము పాఠశాల గోడలను దాటి వినబడసాగెను. అప్పటికి మనదేశమున సర్కసు కొత్త విద్య. 1880 లో మహారాష్ట్రుడగు విష్ణుపంత్ ఛత్రే తొలి భారతీయ సర్కసును నెలకొల్పియుండెను. నాయుడుగారును పొట్టిపంతులను మిత్రుని తోడ్పాటుతో సొంత సర్కసును స్థాపించి, తెలుగునాటనేకాక పూనా, అలహాబాదు, కలకత్తా, లాహోరు మొదలగు నగరములందును ప్రదర్శనము లిచ్చిరి. ఉత్తరదేశమున వారిని ప్రొఫెసర్ రామమూర్తి యని పిలిచిరి.

వారి విద్యలలో మూడు మిక్కిలి ప్రసిద్ధములు. మొదటిది, భుజములకును ఱొమ్మునకును ఇనుప గొలుసు బిగించుకొని, ఊపిరి పూరించి, ఒక్క కుదుపుతో దానిని త్రెంచుట. రెండవది, రెండు చేతులకు రెండు మోటారుకార్ల త్రాళ్లు కట్టించుకొని అవి కదలకుండ నిలుపుట. రాజప్రతినిధి మింటో ప్రభువు తన కారును తానే నడిపి పరీక్షించెననియు, అది అంగుళమైన కదలలేదనియు నాయుడుగారి చరిత్రకారులు వ్రాసిరి. మూడవది ఏనుగు. నాయుడుగారు వెల్లకిల పరుండగా ఱొమ్ముపై పలక వేసి, దానిమీద ఏనుగును ఎక్కించెడివారు. ఇంగ్లండు రాజదంపతులయెదుట ప్రదర్శన మిచ్చి భారతీయ హెర్క్యులీసు అను బిరుదు పొందిరనియు చెప్పుదురు. హెర్క్యులీసు గ్రీకుల భీముడు.

ఈ విద్యలను మాయలని కొందఱును, మంత్రములని కొందఱును తలచిరి. ఇవి మాయలును కావు, మంత్రములును కావు. పలక ఏనుగు భారమును ఒక్కచోట గ్రుచ్చుకొననీయక విశాలమైన తలమునకు పంచును. భారము పరచుకొన్నకొలది ఒత్తిడి తగ్గునని మీరు భౌతికశాస్త్రమున చదివినదే ఇది. గాలితో నిండిన ఱొమ్ము బిగిసిన తోలుతిత్తివలె నిలుచును. కారును అది కదలిన పిదప ఆపుట వేఱు, కదలకమునుపే మడమలు తన్నిపెట్టి కదలనీయకుండుట వేఱు. ఆ కాలపు కార్ల బలము నేటి కార్ల బలములో కొద్దిపాలు మాత్రమే. అయినను శాస్త్రము తెలిసినంత మాత్రమున ఎవ్వరును ఈ పని చేయజాలరు. ఏ క్షణమున ఊపిరి బిగించవలయునో, ఏ కండరమును సడలించకుండవలయునో ఎఱుగుటకు నాయుడుగారికి ఏండ్లకొలది సాధన పట్టెను. కావున విద్యార్థులారా, సైకిలునైనను మోటారుసైకిలునైనను మీ ఱొమ్మున ఎక్కించుకొని పరీక్షింపకుడు. ఆ తొందరపాటునకు ప్రక్కటెముకలు మూల్యము చెల్లించును.

బలమునకు వేళ్లు

చెట్టు కొమ్మ చూచిన జనులు వేరు చూడరు. నాయుడుగారి బలమునకు వేళ్లు వేకువజామున ఉండెను. వారు సూర్యోదయమునకు పూర్వమే వ్యాయామము చేసెడివారు. ప్రాణాయామము వారి నిత్యకృత్యము. మాంసము ముట్టక శాకాహారముతోనే ఆ దేహమును పోషించిరి. మత్తుపదార్థములకు దూరముగా నుండిరి. ప్రదర్శనము పదినిమిషములది, దానికి వెనుక దినచర్య దినమంతటిది.

వారి కీర్తికి మఱియొక కారణము కలదు. పరాయి ప్రభుత్వమువారు భారతీయులు దుర్బలులని, యుద్ధమునకును పాలనకును పనికిరారని చెప్పుచుండిన కాలమది. ఐరోపానుండి శాండో అను ప్రఖ్యాత బలశాలి 1905 ప్రాంతమున మనదేశమునకు వచ్చి ప్రదర్శనము లిచ్చి, తన కండలను చూపి జనులను ఆశ్చర్యపఱచెను. ఆ దినములలో పప్పును బియ్యమును తిని పెరిగిన తెలుగువాడొకడు గొలుసులు త్రెంచుచుండగా చూచిన యువకులకు కలిగిన ధైర్యము ఇంతింత కాదు. పలుచోట్ల వ్యాయామశాలలు వెలసిన కాలము గూడ అదియే. అమరావతిలోని హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి 1914 లో పుట్టినది. నాయుడుగారు తాము సంపాదించిన ధనమున అధికభాగమును దానధర్మములకు వెచ్చించిరని వారి చరిత్ర చెప్పుచున్నది.

అంత్యదినములు

కొండలనైన పిండిచేయునని పేరొందిన దేహము సైతము దేహమే. నాయుడుగారికి కాలిపై పుండు లేచి, మానక ముదిరి, తుదకు ఆ కాలినే తీసివేయవలసి వచ్చెను. మత్తుమందు వలదని చెప్పి, ప్రాణాయామముతో మనస్సును నిలిపి ఆ శస్త్రచికిత్సను సహించిరని చెప్పుదురు. చివరి దినములను వారు ఒడిస్సాలోని బలంగీరు ప్రాంతమున గడపి, 1942 జనవరిలో అచ్చటనే పరమపదించిరి. విశాఖపట్టణపు సముద్రతీరమున వారి విగ్రహము కలదు. శ్రీకాకుళమున క్రీడాప్రాంగణమునకు వారి పేరు పెట్టిరి.

ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల మాకొక ఆలోచన కలుగుచుండును. రెండు కార్లను నిలిపిన కాలు పోయెను. ఏనుగును మోసిన ఱొమ్ము వయస్సుతో సడలెను. నాయుడుగారికి తుదివఱకు మిగిలినదేమి? ఊపిరిని నిలుపు నేర్పు, బాధను ఓర్చు గుండె, వేకువను లేచు అలవాటు. ఇవి సర్కసులో చప్పట్లు పొందినవి కావు. తాలింఖానాలోను పాఠశాలలోను అలవడినవి. బలము ఫలము, అలవాటు విత్తనము. పాఠశాల పిల్లలకు పంచవలసినది విత్తనమే.

మఱియొక ఉపాధ్యాయుడు

నాయుడుగారు శిక్షణ పొందిన సైదాపేట ప్రాంతముననే ఇంకొక మహనీయుని కృషి ఫలించినది. అమెరికానుండి వచ్చిన హ్యారీ క్రో బక్ గారు 1920 లో చెన్నపట్టణమున వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించిరి. కాలక్రమమున ఆ కళాశాల సైదాపేటకు చేరువనున్న నందనమున స్థిరపడినది. భారతదేశమున వ్యాయామోపాధ్యాయులను తయారుచేయుటకై వెలసిన కళాశాలలలో అది మొదటిది. 1924 లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత జట్టును నడిపినవారును బక్ గారే. నాయుడుగారు పోయిన మఱుసటి యేడు, 1943 లో, వారును చెన్నపట్టణముననే కన్నుమూసిరి.

వీరిద్దఱి మార్గములు వేఱు. నాయుడుగారు జనులను గుడారములోనికి పిలిచి మానవదేహము ఎంత చేయగలదో చూపిరి. బక్ గారు ఉపాధ్యాయులను మైదానములోనికి దింపి, ప్రతి సామాన్యుని పిల్లవాడును ఏమి చేయవలయునో నేర్పిరి. సర్కసులో ఒకడు చేయగా వేయిమంది చూతురు. పాఠశాల మైదానమున చూచువాడొక్కడును ఉండరాదు, వేయిమందియు చేయవలయును. నాయుడుగారి జీవితము మనకు ఉత్సాహము నిచ్చును. ఆ ఉత్సాహమును ఆటగంటలోనికి దింపవలెనన్నచో లక్ష్యములు కావలయును.

ఆటగంట లక్ష్యములు

మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందునప్పుడు మాకు పాఠ్యపథకము వ్రాయుట నేర్పిరి. పాఠ్యపథకమున మొదట వ్రాయవలసినవి లక్ష్యములు. ఒక పద్యము చెప్పబోవు ఉపాధ్యాయుడు ఈ గంట ముగియునప్పటికి విద్యార్థికి ఏ జ్ఞానము, ఏ అవగాహన, ఏ నైపుణ్యము, ఏ వినియోగశక్తి కలుగవలయునో ముందుగా వ్రాసికొనవలయును. వ్యాయామమునకును ఇదియే నియమము. బంతిని మైదానములోనికి విసరి, ఆడుకొనుడని చెప్పి, చెట్టునీడకు పోవుట పాఠము కానేరదు. నాయుడుగారి జీవితమును ముందుంచుకొని ఈ లక్ష్యములను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది జ్ఞానము. తన దేహమును గూర్చియు, తానాడు ఆటను గూర్చియు విద్యార్థి ఎఱుగవలయును. భోజనము చేసిన వెంటనే ఏల పరుగెత్తరాదు? ఎండలో ఆడినవాడు నీరెప్పుడు త్రాగవలయును? చెడుగుడునందు జట్టుకు ఏడుగురనియు, కూతకు ముప్పది క్షణములు గడువనియు ఎఱుగనివాడు ఆడినను ఆట తెలిసినవాడు కాడు.

రెండవది అవగాహన. కారణము తెలిసిన పని మఱవబడదు. పరుగెత్తకమునుపు మణికట్టున నాడిని లెక్కించి, పరుగెత్తిన పిదప మరల లెక్కించిన బాలుడు గుండె చేయు పనిని పుస్తకమున చదువకయే గ్రహించును. కొన్ని వారములు క్రమముగా పరుగెత్తిన తరువాత నాడి మునుపటికంటె త్వరగా కుదుటపడుటను తానే కనుగొనును. నాయుడుగారు ఊపిరిని ఎఱిగి సాధన చేసిరి. ఎఱుగక చేసిన సాధన గానుగెద్దు నడకవంటిది.

మూడవది నైపుణ్యము. పరుగెత్తుట, దుముకుట, విసరుట, పట్టుట, నిలుకడగా నిలుచుట అను మూలకృత్యములు ఆఱవ తరగతి పిల్లలకు చక్కగా రావలయును. ఎనిమిదవ తరగతికి వచ్చునప్పటికి వానిని కలిపి ఆటలో వాడగలుగవలయును. పదవ తరగతి ముగియునప్పటికి ప్రతి విద్యార్థికిని ఒక జట్టు ఆటయు, పాఠశాల విడిచిన పిదప ఒంటరిగా చేసికొనదగిన ఒక వ్యాయామమును బాగుగా వచ్చియుండవలయును. జట్టు ఆటకు పదిమంది కావలయును. సూర్యనమస్కారములకు చాపెడు చోటు చాలును.

నాల్గవది వినియోగము. నేర్చినది బ్రతుకునకు పనికిరావలయును. నీళ్లబిందెను ఎత్తునప్పుడు నడుము వంచక మోకాళ్లు వంచుట, పుస్తకముల సంచిని ఒంటిభుజమున వేలాడదీయక రెండు భుజములపై మోయుట, కాలు బెణికినవానికి చేయవలసిన ప్రథమచికిత్స వ్యాయామపాఠములే. పొన్నై యేరు ఏడాదిలో పెక్కునెలలు ఇసుకగానే యుండును. కాని 2021 నవంబరున ఈ యేరును పాలారును ఎట్లు పొంగిపొరలినవో మీరెఱుగుదురు. అట్టి వేళ ఎచ్చట దిగరాదో తెలిసిన వివేకమును, ముసలివారిని ఎత్తుకొని మెట్టకు చేర్చగల భుజబలమును ఊరికి కావలయును.

అయిదవది అలవాటు. అయిదు మొదలు పదునేడేండ్ల వయస్సుగల పిల్లలు సగటున దినమునకు 60 నిమిషములైనను చెమటపట్టునట్లు మెలగవలయుననియు, వారమునకు మూడు దినములైనను ఎముకలకును కండరములకును బలమిచ్చు వ్యాయామము చేయవలయుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లో సూచించినది. వారమునకు రెండు మూడు ఆటగంటలున్న పాఠశాల ఈ లెక్కను తానొక్కతె పూరింపజాలదు. కావున ఆటగంట పని వ్యాయామమును ముగించుట కాదు, మొదలుపెట్టుట. ఆ గంటలో నేర్చినదానిని విద్యార్థి సాయంకాలము వీథిలోను, సెలవుదినమున పొలములోను, సెల్ఫోను ప్రక్కనబెట్టి చేయుచున్నాడా యనునదే ఉపాధ్యాయుని నిజమైన పరీక్ష.

ఆఱవది శీలము. చెడుగుడులో ప్రత్యర్థి చేయి తనకు తగిలినదని తనకు మాత్రమే తెలిసినప్పుడు, తీర్పరి చూడకున్నను చేయెత్తి బయటికి నడచువాడు ఆ గంట పాఠమును నేర్చినవాడు. గెలిచినవాడు ఓడినవానిని ఎగతాళి చేయకుండుట, ఓడినవాడు మఱునాడు మరల మైదానమునకు వచ్చుట గూడ నేర్పవలసిన విషయములే. ఇవి ఉపన్యాసములతో రావు. ఆడగా ఆడగా వచ్చును. నాయుడుగారు అంతటి బలముండియు దానిని దౌర్జన్యమునకు గాక విద్యకై వాడిరి. బలము కలవాడు సాధువుగా నుండుట బలములో ఉత్తమభాగము.

కొలుచుట ఎట్లు?

లక్ష్యమున్నచోట కొలత యుండవలయును. కాని ఎవనిని ఎవనితో కొలుచుట? స్వాతంత్ర్యము వచ్చిన పిదప మాధ్యమిక విద్యను పరిశీలించుటకు 1952 లో ఏర్పడిన సంఘమునకు అధ్యక్షులు డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారు. ఇంటిపేరున మన ఆర్కాటును ధరించిన ఆ మహావైద్యులు పుట్టినది తెలుగునాట, కర్నూలున. వ్యాయామము ఒక్కొక్క విద్యార్థి శక్తికి తగినట్లు ఉండవలయుననియు, ప్రతివాని వ్యాయామ వివరములను పుస్తకమున వ్రాసి ఉంచవలయుననియు ఆ సంఘము చెప్పినది. నలుబదేండ్లలోపు ఉపాధ్యాయులందఱును, ఏ విషయము బోధించువారైనను, పిల్లలతో కలిసి ఆటలలో పాల్గొనవలయుననియు సూచించినది. మేము ఆ వయస్సును ఇటీవలనే దాటితిమి. అయినను సంఘమువారు నలుబది దాటినవారు ఆడరాదని చెప్పలేదు గనుక మైదానమునకు పోవుట మానలేదు.

ఈ సూచనలోని న్యాయమును గమనింపుడు. నూఱు గజములను వేగముగా పరుగెత్తిన రాముని మెచ్చి, వెనుకబడిన కృష్ణుని నవ్వినచో కృష్ణుడు మైదానమునకు రాడు. గతమాసమున ఒక్క చుట్టు పరుగెత్తి కూలబడిన కృష్ణుడు ఈ మాసమున రెండు చుట్లు పరుగెత్తినచో అతడు తన దూడను మోయుచున్నవాడే. అతనికి పూర్తి మార్కు లీయవలయును.

అట్లే ఆటగంట కొందఱి సొత్తు కారాదు. బలహీనుడని, లావుగా నున్నదని, ఆడపిల్లయని, అవయవలోపము కలదని ఎవ్వరిని గట్టుమీద కూర్చుండబెట్టరాదు. వ్యాయామవిద్య అందఱికిని ఉండవలసిన హక్కని 1978 లో యునెస్కో ప్రకటించినది. మనదేశమున 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాలకు ఆటస్థలమును, ఆటవస్తువులను విధించినది. నాయుడుగారి శ్రీకాకుళసీమలోని ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరిగారు 2000 లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళయైరి. మన వేలూరి సత్తువాచ్చారి యువకుడు సతీష్ శివలింగంగారు 2014 లోను 2018 లోను కామన్వెల్తు క్రీడలలో బరువులెత్తి స్వర్ణపతకములు తెచ్చిరి. ఒకరు తెలుగు, ఒకరు తమిళము. ఇనుప కడ్డీకి భాష లేదు.

మన మైదానము

మనము ఉన్నది రెండు భాషల సరిహద్దున. ఎగువ చిత్తూరులో నీవానది యనబడునది మనయొద్దకు వచ్చి పొన్నైయగుచున్నది. తెలుగు మాధ్యమమున చదువు మన పిల్లలకు బజారునందును, కార్యాలయమునందును, పోటీ పరీక్షయందును భాషను గూర్చిన జంకు కొంత యుండును. అయితే మనము చెడుగుడు అనుదానిని తమిళసోదరులు సడుగుడు అందురు. ఆటయు ఒకటే, కూతయు ఒకటే, మట్టియు ఒకటే. ఊరి పోటీలో ఎదుటిజట్టు పిల్లలతో చేయి కలిపిన తెలుగుబాలుడు మఱునాడు వారితో తమిళమున మాటాడుటకు జంకడు. వారును మనవాని తెలుగును వింతగా చూడరు. భాష పుస్తకమునుండి నాలుకకు వచ్చునంతలో స్నేహము మైదానమునుండి హృదయమునకు వచ్చును. ఆటగంటను లెక్కలకు ఇచ్చివేసిననాడు పోవునది పరుగు ఒక్కటే కాదు. ఈ స్నేహమును, ఈ ధైర్యమును పోవును. మన పిల్లలకు అవి తక్కినవారికంటె ఎక్కువగా కావలయును.

కావున విద్యార్థినీ విద్యార్థులారా, నాయుడుగారి చరిత్ర చదివి గొలుసులు త్రెంచుటకు పూనుకొనకుడు. ఒక చిన్న పుస్తకము తీసికొని నేటి తేదీ వేసి మూడు విషయములు వ్రాయుడు: ఆగక ఎన్ని చుట్లు పరుగెత్తగలిగితిమి, ఎన్ని బస్కీలు తీయగలిగితిమి, పరుగు ముగిసిన పిదప నాడి ఎంతసేపటికి కుదుటపడినది. మాసమునకొకసారి ఇవే మూడు విషయములను మరల వ్రాయుడు. ఆ పుస్తకమును మీ వ్యాయామోపాధ్యాయునికి చూపుడు. తెలుగు పండితునికి చూపినను సంతోషింతుము. సంవత్సరాంతమున మొదటి పుటను చివరి పుటను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుడు. వీరఘట్టపు బాలుడు చెరువు చుట్టు ఎందుకు తిరిగెనో అప్పుడు మీకు తెలియును.